మనువు, కూడు, గుడి: నాటాల్‌లో మన మార్పుల కథ

“పిల్లలు చెడిపోతున్నారు” అనే మాట మన ఇళ్ళలో తరచుగా వినబడుతున్నది. అబ్బాయి తన పిల్లను తానే చూచుకున్నాడని ఒకరు, అమ్మాయి పురటాసి నెలలో కూడా మాంసం మానడం లేదని ఒకరు, పండుగకైనా గుడికి రారని మరొకరు బాధపడుతుంటారు. ఇదంతా నవీన నాగరికత చేసిన పని అంటాము. కాని మన పెద్దల చరిత్రను ఒకసారి తిరగవేసి చూస్తే, ఈ మూడూ నిన్న మొన్న మారినవి కావని తెలుస్తుంది.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నాటాల్‌కు వచ్చారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. నూరుగురు పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలన్నది ఆనాటి నియమం. అటువంటి చోట కులము, శాఖ, ఇంటిపేరు విచారించి సంబంధం కుదుర్చుకొనడం ఎందరికి సాధ్యం? తెలుగింటి పిల్ల తమిళింటి కోడలు కావడం చెరకు తోటల నాడే మొదలైంది.

ఆ పెళ్ళిళ్ళకు కూడా చట్టం అడ్డు వచ్చింది. క్రైస్తవ పద్ధతిలో జరగని వివాహాలు చెల్లవని 1913 మార్చిలో కేప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మన తల్లులు ఒక్క రోజులో చట్టం కంట భార్యలు కాకుండా పోయారు. ఆ అవమానం సహించలేక స్త్రీలు సత్యాగ్రహంలో చేరి జైళ్ళకు వెళ్ళారు. 1914 చట్టంతో ఆ పెళ్ళిళ్ళకు గుర్తింపు వచ్చింది. తెల్లవారిని ఇతరులు పెళ్ళాడరాదన్న 1949 చట్టం 1985లో గాని రద్దు కాలేదు. ఎవరిని ప్రేమించాలో ప్రభుత్వమే చెప్పిన దేశంలో, తనకు నచ్చినవారిని కోరుకొనడం చిన్న హక్కు కాదు.

ఇక తిండి సంగతి. ఒప్పందం ప్రకారం యజమాని బియ్యం, పప్పు, ఉప్పుచేప, నూనె కొలిచి ఇవ్వాలి. బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి కొలిచిన రోజులూ ఉండేవి. మనవారు దానినే అంబలిగా కాచుకున్నారు. కాలక్రమాన ఆ అంబలి అమ్మవారి నైవేద్యమైంది. ఇష్టం లేని కూలి తిండి మన భక్తిలో ఈ విధంగా కలిసిపోయింది. రొట్టె తొలిచి కూర నింపే ‘బన్నీ చౌ’ కూడా డర్బన్‌లో మన భారతీయుల చేతిలో పుట్టినదే.

గుడి కథ కూడా ఇటువంటిదే. మౌంట్ ఎడ్జ్‌కంబ్ గణేశాలయాన్ని 1898లో కిష్టప్ప రెడ్డి కట్టారు. అది చెరకు తోటల నడుమ వెలసిన గుడి. 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. తరువాత 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చి, 1960ల నుండి వేలాది కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు తరలించింది. చిన్న ఇళ్ళలో ఉమ్మడి కుటుంబం ఇమడలేదు. ఆడవారు బట్టల ఫ్యాక్టరీలకు వెళ్ళసాగారు. అవ్వ ఒక వీధిలో, మనుమలు మరొక వీధిలో అయినారు. ఆ కొత్త పేటల్లో పెంతెకొస్తు సంఘాలవారు ఇంటింటికీ వచ్చి, రోగంలో కష్టంలో పలకరించారు. మన ఇళ్ళలో కొందరు అటు వెళ్ళారు. వారిని నిందించే ముందు, ఆ రోజున మనం వారి తలుపు తట్టామా అని ప్రశ్నించుకోవాలి.

కనుక మార్పును చూచి భయపడనక్కరలేదు. మన పెద్దలు ఇంతకంటె పెద్ద మార్పులను తట్టుకున్నారు. అయితే వారు చేసి, మనం మానివేసిన పని ఒకటున్నది. అంబలి కాచేటప్పుడు పక్కన కూర్చున్న పిల్లకు ఎందుకు కాస్తున్నామో అవ్వ తెలుగులో చెప్పేది. మనం “మాంసం తినవద్దు” అని మాత్రమే చెప్పి, అదీ ఇంగ్లీషులో చెప్పి, ఊరుకుంటున్నాము. “ఎందుకు?” అని పిల్లలు అడిగితే కోప్పడుతున్నాము.

రాబోయే పురటాసిలో వారు అలా అడిగితే కూర్చోబెట్టి చెబుదాం. పూర్తిగా తెలియకపోతే, ఇంట్లో మిగిలిన పెద్దవారి దగ్గరకు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి, కలిసి అడుగుదాం.