నీలోఫర్ వైద్యశాల: శిశుసంరక్షణ చరిత్రలో కొన్ని పుటలు

హైదరాబాదు నగరమున లక్డీకాపూల్ దాటి రెడ్‌హిల్స్ వైపు మరలినవారికి, ఒడిలో బిడ్డయు, భుజమున గుడ్డసంచియు, చేత ఓ.పీ. చీటీయు గల తల్లుల వరుస కంటబడినంతనే, అది నీలోఫర్ వైద్యశాల యని వేరుగ చెప్పనక్కర యుండదు. ఏడు దశాబ్దులకు పైబడి తెలంగాణపు పల్లెలకు ఆ పేరే ధైర్యముగా నిలిచియున్నది. ఊరి డాక్టరు చేతులెత్తివేసిన పిమ్మట తల్లిదండ్రుల నోట వెలువడు మాట "నీలోఫరుకు కొంచబోదము" అనునదియే.

తుర్కీ సుల్తానుల వంశమున 1916లో ఇస్తాంబులు నగరమందు జన్మించి, 1931లో ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాను ద్వితీయ పుత్రుడు మొఅజ్జం జాకు ఇల్లాలై హైదరాబాదు కోడలైన నీలోఫర్ రాకుమారి, తన పరిచారికలలో నొకతె తగిన వైద్యము లభింపక ప్రసవ సమయమున మృతినొందుట కెంతయు తల్లడిల్లి, సామాన్య స్త్రీలకును పసికందులకును ప్రత్యేకముగా నొక వైద్యశాల వెలయవలెనని పట్టుబట్టిన ఫలితముగా, 1953లో నూరు పడకలతో ఈ సంస్థ యవతరించెను. ఆమెకు సంతానము కలుగలేదు. 1989లో పారిసు నగరమున కన్నుమూసెను. అయినను, కని పెంచిన తల్లికంటె నామె పేరే ఎక్కువమంది బిడ్డల బ్రతుకులతో పెనవేసికొని యుండుట నాకు మిక్కిలి గౌరవపాత్రముగ దోచును.

ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధముగా నుండుటచే ఇచట శిశువైద్యము నేర్చినవారు జిల్లాజిల్లాలకు వ్యాపించిరి. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చిన పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులును ఇచటి వార్డులలో పనిచేసిరి. కాళ్లు ఉబ్బి, జుట్టు రాగిరంగుకు తిరిగి, చర్మము పొరలుగా లేచి, ఆడుకొనుటయే మరచి మూలుగుచు పడియుండు బిడ్డలు ఆ దినములలో కొల్లలు. ఆ జబ్బు గాలి సోకుటచేతనో, దిష్టి తగులుటచేతనో వచ్చినది కాదనియు, పాలు మాన్పించిన పిదప బిడ్డకు చాలినంత తిండి లభింపకుండుటయే మూలమనియు తల్లులకు బోధపరచుట ఆనాటి వైద్యులకు మందు లిచ్చుటకంటె కష్టమైన పని. రేచీకటినుండి గ్రుడ్డితనమునకు జారిపోవు పిల్లలకొరకు ఆరు నెలల కొకమారు విటమిన్ 'ఏ' ద్రావణము పోయు పథకము 1970లో దేశమున ప్రారంభమగుటకు ఆ పోషకాహార సంస్థ పరిశోధనలే ఆధారము.

వైద్యశాల యనగనే జనులకు ప్రాణాపాయములో నున్న బిడ్డను కాపాడు గదియే స్ఫురించును. నా మట్టుకు, బిడ్డలను తూచి టీకాలు వేయు గదియే అన్నిటికంటె ఘనమైనది. అచట నర్సు బిడ్డ ఒంటిమీది బట్టలు తీయించి, త్రాసు ముల్లు సున్న వద్ద నున్నదో లేదో ముందుగా సరిచూచి, తన్నుకొనుచున్న పసివానిని పళ్లెమున పరుండబెట్టి, ముల్లు నిలిచిన క్షణమున అంకె చదివి కార్డుమీద చుక్క పెట్టును. పుట్టిన నాటి బరువు అయిదవ నెలకు రెట్టింపును, ఏడాదికి మూడింతలును కావలెను. ఆ చుక్కలను కలుపు గీత పైకి ప్రాకక అడ్డముగా సాగినచో, బిడ్డ చూపులకు ఆరోగ్యముగ నున్నను లోపల లోటు మొదలైనదని తెలియును. పుట్టగనే బీ.సీ.జీ., ఆరు, పది, పదునాలుగు వారములకు వరుస టీకాలు, తొమ్మిది నెలలు నిండగనే తట్టు టీకా: ఇవి వినుటకు అల్పముగ దోచవచ్చును. కాని కంఠసర్పితో ఊపిరాడక కొట్టుకొను బిడ్డలును, బొడ్డు కోసిన పనిముట్టు మలినముచే ధనుర్వాతము సోకి విల్లువలె వంగిపోవు పురిటికందులును వైద్యశాలలలో నేడు మిక్కిలి అరుదగుటకు ఆ సూదిమందులును, గర్భిణులకు వేయు ధనుర్వాతపు టీకాయును ముఖ్యకారణములు. 2011 జనవరి తరువాత ఈ దేశమున సహజ పోలియో క్రిమివలన ఒక్క బిడ్డయు కాలు కోల్పోలేదు.

ఇక రోగమునకు వచ్చిన బిడ్డల మాట. పొట్ట చర్మమును రెండు వ్రేళ్లతో పట్టి వదలినపుడు మడత మెల్లగా సర్దుకొనుటయు, కన్నులు లోతుకు పోవుటయు, మాడు గుంటపడుటయు చూచి వైద్యుడు దేహములో నీరు తగ్గినదని గ్రహించును. విరేచనములగు బిడ్డకు నీళ్లు పోయరాదను పాతనమ్మిక ఎందరి ప్రాణములనో బలిగొన్నది. లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండును తలకొట్టి కొలిచి కలిపి, కొలదికొలదిగా త్రాగించుచు, చనుబాలు మానకుండుట ఏ తల్లికైనను సాధ్యమే. దగ్గు రొంపలతో వచ్చిన బిడ్డకు స్టెతస్కోపు గొట్టము పెట్టుటకు ముందే అంగీ యెత్తి నిండు నిమిషము శ్వాసలు లెక్కింతురు; రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు అవి నిమిషమునకు ఏబదియో అంతకు మించియో యున్నచో, లేక డొక్కలెగురవేయుచున్నచో, అది సామాన్యపు జలుబు కాదు. ఈ గుర్తులను తల్లికి చూపి చెప్పిన వైద్యుడు ఆ యొక్క బిడ్డనే గాక, ఆమె కడుపున పుట్టబోవు వారిని సైతము కాపాడినవాడగును. ఫిట్సు వచ్చినదని కాల్చిన ఇనుముతో పొట్టపై వాతలు పెట్టించి, ఆ పుండ్లతో కూడ బిడ్డను తెచ్చు తల్లిని కసరుకొనరాదు. కసరుకొనినచో ఆమె మరల ఆ గడప త్రొక్కదు.

నెలలు నిండక పుట్టి, పాలు గుంజుకొను శక్తియైనను లేని కందులకొరకు 2017లో ఇచట ధాత్రి యను తల్లిపాల నిధి నెలకొల్పబడినది. పాలు సమృద్ధిగా గల తల్లులు ఇచ్చిన చనుబాలను శుద్ధిచేసి, శీతలీకరించి, వేరొక తల్లి బిడ్డకు చుక్కలు చుక్కలుగా పట్టుదురు.

ఈ సంచికను చదువు గృహస్థులకు నాదొక మనవి గలదు. టీకాకు రావలసిన తల్లులలో పెక్కుమంది రాలేకపోవుటకు అజ్ఞానము కంటె ఆ పూట కూలి పోవునను భయమే తరచుగా కారణము. మీ యింట అంట్లు తోము స్త్రీకో, మీ కట్టడమున ఇటుకలు మోయు స్త్రీకో చంటిబిడ్డ యున్నచో, ఆ బిడ్డ టీకా కార్డు నడిగి చూడుడు; తేదీ వచ్చిన దినమున ఆమెకు సెలవిచ్చి, ఆనాటి కూలి కోయకుండ నిండుగ చెల్లింపుడు.