గండికోట: లోయ అందాల వెనుక యుద్ధభూమి

జమ్మలమడుగు: పెన్నానది లోయను చూసేందుకు గండికోటకు వచ్చే పర్యాటకులకు కొదవ లేదు. అయితే లోయ అంచున ఫొటోలు దిగి, మసీదు, ధాన్యాగారం చూసి వెనుదిరిగేవారే ఎక్కువ. తాము దాటి వచ్చిన కోటద్వారం వద్దనే పదిహేడో శతాబ్దంలో ఈ సీమ భవితవ్యాన్ని మార్చిన పోరు జరిగిందన్న సంగతి చాలామందికి తెలియదు. కోట గురించి తెలిసిన స్థానికుని వెంట నడిస్తేనే ఈ రాళ్లు మాట్లాడతాయి.

ప్రకృతే కాపలా

ఎర్రమల కొండలను పెన్న కోసిన గండి వల్లనే ఈ కోటకు ఆ పేరు వచ్చింది. ఒకవైపు సుమారు 300 అడుగుల లోతైన లోయ ఉండగా, సైన్యం రాగల మార్గం మైదానం వైపు మాత్రమే ఉంది. అందుకే ఎత్తయిన బురుజులు, ప్రధాన ద్వారం అటువైపే నిర్మించారు. ద్వారం లోపల దారి తిన్నగా సాగక మలుపులు తిరగడం కూడా శత్రువును నిలువరించేందుకే.

మీర్ జుమ్లా ముట్టడి

విజయనగర రాజులకు విధేయులైన పెమ్మసాని నాయకులు ఈ కోటను పాలించారు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా 1650-52 ప్రాంతంలో దీనిని వశపరచుకున్నాడు. అప్పటి పాలకుడు చినతిమ్మ నాయుడు.

కోట ఎలా పడిందన్న విషయంలో రెండు కథనాలున్నాయి. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ రాతల ప్రకారం, ఐరోపా ఫిరంగి నిపుణులు కొండపైకి ఫిరంగులు చేర్చి ద్వారాన్ని బద్దలుకొట్టడంతో లోపలివారు లొంగిపోయారు. స్థానికుల నోట వినవచ్చే కథలో మాత్రం మంత్రి పొదిలి లింగన్న ద్రోహమే కోటను కూల్చింది. ఏది యాత్రికుని రాత, ఏది జనశ్రుతి అన్నది విడమరచి చెప్పేవాడే మంచి మార్గదర్శి. ద్రోహం కథ ఒక్కటే విన్నవారికి ఫిరంగుల కాలంలో పాతకోటల బలం ఎలా సన్నగిల్లిందో అర్థం కాదు. యాత్రికుని రాత ఒక్కటే చదివినవారికి ఓటమిని ఈ నేల ఎలా గుర్తుంచుకున్నదో తెలియదు.

కోట చరిత్ర అక్కడితో ముగియలేదు. తర్వాత కడప నవాబులు, మైసూరు పాలకుల ఏలుబడిలోకి వెళ్లింది. 1800లో నిజాం దత్తమండలాలను అప్పగించడంతో ఈ ప్రాంతం కంపెనీ పరమైంది.

తప్పక అడిగి చూడవలసినవి

మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం, చార్‌మినార్‌గా పిలిచే పావురాల గోపురం దగ్గరదగ్గరగానే ఉన్నాయి. మసీదు చెంతనున్న కత్తుల కోనేరులో యోధులు నెత్తుటి కత్తులు కడిగేవారని స్థానికులు చెబుతారు. ముట్టడి కాలంలో ధాన్యం, నీరు ఉంటేనే కోట నిలుస్తుంది. ఆ దృష్టితో చూస్తే ధాన్యాగారం, కోనేర్లు బురుజులతో సమానమైన రక్షణలే.

ఎలా చేరుకోవాలి

జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. పులివెందుల వాసులు ముద్దనూరు మీదుగా, ప్రొద్దుటూరు వాసులు నేరుగా జమ్మలమడుగు చేరుకోవచ్చు. వేసవిలో ఉదయం వేళ వెళ్లడం మేలు. లోయ అంచున పిల్లల విషయంలో అప్రమత్తత అవసరం.

కోట లోపల నేటికీ ఊరు ఉంది. ఊరి పెద్దలను పలకరించి కథలు అడిగే యువకులు వాటిని రాసి పెట్టుకుంటే మేలు. కట్టడాలకు పురావస్తు శాఖ రక్షణ ఉంది కానీ, పెద్దల నోటి కథలకు వినేవారే రక్ష.