పిండిలో కలిసిన నీళ్లు



ఫాదర్ హయ్యర్ గారి పేరు గుంటూరు సీమ సంఘాలకు కొత్తది కాదు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన ఆ దైవజనుడు వచ్చింది అమెరికా నుండి, పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. 1807లో కుర్రవాడుగా ఓడెక్కి ఫిలడెల్ఫియాలోని మేనమామ ఇంటికి చేరారు. ఆయనను మన మధ్యకు పంపినది పెన్సిల్వేనియాలోని జర్మను లూథరను సంఘాలే. సెమినరీలో మేము ఈ తేదీలన్నీ బట్టీపట్టాము. కానుక వేసిన ఆ జనం ఎవరు, ఏ పనిచేసి బ్రతికారు అని మాత్రం అడగలేదు. ఈ మధ్య ఆ ప్రశ్నతో చదవబోతే ఒక రొట్టెలవాడు కనబడ్డాడు. పేరు క్రిస్టోఫర్ లుడ్విక్. హయ్యర్ గారు ఆ ఊరు చేరకముందే ఈయన కన్నుమూశారు. ఒకరినొకరు చూడలేదు. అయినా అదే ఊరు, అదే జనం.

లుడ్విక్ 1720లో హెస్సె ప్రాంతంలోని గీసెన్‌లో పుట్టారు. తండ్రిది రొట్టెలు కాల్చే పని. పద్నాలుగేళ్లకే కొడుకును అదే పొయ్యి ముందు నిలబెట్టాడు. కొడుకు నిలబడితేగా! ఆస్ట్రియా సైన్యంలో చేరి తురకలతో యుద్ధానికి పోయాడు, తరువాత ప్రష్యా సైన్యం, ఆ తరువాత ఇంగ్లీషు ఓడ. ఆ ఓడలో రొట్టెల పనివాడుగా ఇండియాకు కూడా వచ్చాడని, ఆయనను ఎరిగిన డాక్టర్ బెంజమిన్ రష్ రాశారు. తండ్రి చనిపోతే వచ్చిన 500 గిల్డర్ల ఆస్తిని లండన్‌లో నావికులతో కలిసి ఖర్చుపెట్టేశాడట. తప్పిపోయిన కుమారుడు మనకు జ్ఞాపకం వస్తాడు. ఈ కుమారునికి తిరిగి వెళ్లడానికి తండ్రి లేడు, తండ్రి నేర్పిన పని ఒక్కటే మిగిలింది.

ఆ రోజుల్లో ఓడ కిరాయి కట్టలేని జర్మనులు చాలామంది అమెరికా రేవులో దిగగానే కొన్నేళ్ల చాకిరీకి అమ్ముడుపోయేవారు. లుడ్విక్‌కు ఆ గతి పట్టలేదు. లండన్‌లో జింజర్‌బ్రెడ్ చేయడం నేర్చుకుని 1754లో ఫిలడెల్ఫియాలో అంగడి పెట్టారు. జింజర్‌బ్రెడ్ అంటే అల్లము, బెల్లపు పాకము కలిపిన గట్టి తీపి రొట్టె. బొమ్మలు చెక్కిన కర్ర అచ్చులలో ఒత్తి కాలుస్తారు. వ్యాపారం బాగా సాగింది. ఇల్లు వాకిలి ఏర్పడ్డాయి.

ఇంతలో స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. ఇంగ్లీషువారు కూలికి తెచ్చుకున్న సైనికులు చాలామంది హెస్సె వారు, అంటే లుడ్విక్ సొంత సీమవారు. 1776లో ఆయన పారిపోయి వచ్చినవాడిలా వారి దండులోకి వెళ్లి, పెన్సిల్వేనియాలో జర్మనులు ఎంత సుఖంగా ఉన్నారో చెప్పి వచ్చారు. మాకు అది సాహసంగా కంటే, సొంత భాషలో మాట్లాడుకోవాలన్న ఆశగా తోచింది.

1777 మే నెలలో అమెరికా కాంగ్రెసు ఆయనను సైన్యపు రొట్టెలన్నిటిపైన అధికారిగా నియమించింది. నూరు పౌన్ల పిండి ఇస్తాము, నూరు పౌన్ల రొట్టె ఇమ్మన్నారు. ఆయన ఒప్పుకోలేదు. యుద్ధం మీద ధనవంతుణ్ణి కావాలని నాకు లేదు, నూటికి నూట ముప్పై అయిదు ఇస్తాను అన్నారని రష్ రాశారు.

కిలో బియ్యం వండితే కిలో అన్నమే వస్తుందంటే మన ఆడపడుచులు నవ్వుతారు. రొట్టె కూడా అంతే. నూరు పౌన్ల పిండికి అరవై పౌన్లకు పైగా నీళ్లు పడతాయి. పొయ్యిలో కొంత ఆవిరైపోతుంది, మిగతాది రొట్టెలోనే ఉండిపోతుంది. ఆ ముప్పై అయిదు పౌన్లు ఉత్త నీళ్లు. ఆయన నోరు మెదపకపోతే చట్టమే ఆ లాభం చేతిలో పెట్టేది. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు. ధర్మశాస్త్రము ఖండించిన రెండు రకాల తూనికరాళ్లు కూడా ఇక్కడ లేవు, తూకం సరిగానే ఉంది. మమ్మల్ని కలవరపెట్టింది ఇదే.

1781లో యార్క్‌టౌన్‌లో శత్రుసైన్యం లొంగిపోయినప్పుడు వాళ్లకు కూడా రొట్టె కాల్చింది ఈయనే. ఒక్కరోజులో 6,000 పౌన్లు కాల్చారని చెబుతారు. ముసలితనంలో పచ్చజ్వరం ఊరిని పట్టినప్పుడు బీదల రొట్టెల కోసం మళ్లీ పిండి పిసికారు. 1801లో చనిపోతూ ఆస్తిలో పెద్దభాగం బీదపిల్లల ఉచిత చదువుకు రాసిచ్చారు. వారి తలిదండ్రులు ఏ దేశమువారు, ఏ మతమువారు అని చూడవద్దన్నారు. ఆ సొమ్ము అందుకున్న సంస్థ తరువాత ఆయన పేరే పెట్టుకుంది.

ఇక మా సంగతి. మందిరపు స్లాబుకు తెచ్చిన సిమెంటులో ఆరు బస్తాలు మిగిలాయి. వర్షాకాలం, గడ్డకడుతుందని మా ఇంటి వరండాకు వాడుకున్నాము. ఎవరూ అడగలేదు. అడిగినా తప్పనేవారు కాదు, పాస్టరుగారి ఇల్లే కదా. లుడ్విక్ చరిత్ర చదివాక ఆ వరండాలో కూర్చోవడం మాకు కష్టమైంది. గత ఆదివారం ఆరాధన తరువాత ఆ ఆరు బస్తాల ఖరీదు సంఘపెద్దల ముందు పెట్టాము. కోశాధికారిగారు డబ్బు లెక్కపెట్టి, పుస్తకం తెరిచి, దీన్ని ఏ పద్దు కింద రాయమంటారండీ అని అడిగారు.