అమావాస్య నాటి మేత

రాత్రి మూడు గంటలు. భీమవరం అవతల ఒక వనామి రొయ్యల చెరువు. టార్చి వేస్తే గట్టు వారన వందల కళ్లు ఎర్రగా మెరిశాయి. మీసాలు పైకెత్తి రొయ్యలు నీటి మీదే తిరుగుతున్నాయి.

“మావయ్యా, రొయ్య తేలిందండీ!” ఫోన్లో కుర్రాడి గొంతు వణికింది.

“ఏరియేటర్లన్నీ వెయ్యి. పొద్దున మేత ఆపెయ్. వస్తున్నా.”

మావయ్య వస్తూనే, మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రే తాడు పట్టుకుని లాగారు. సాయంత్రం వేసిన మేత ట్రేలోనే ఉంది. గుళికలు ఉబ్బి, వేలితో నొక్కితే జావైపోతున్నాయి. వాటి మధ్య పల్చటి పెంకులు.

“అమావాస్య కదరా. పెంకు విడిచే రొయ్య మేత ముట్టదు. ఎంతేశావ్?”

“రోజూ వేసేదేనండి. తొందరగా పెరిగి కౌంటుకొస్తుందని ప్రొటీన్ ఎక్కువున్నదే తెచ్చా.”

ఆ ఆశే మన చెరువులను ముంచుతోంది. టైగర్ రొయ్యతో పోలిస్తే వనామికి ప్రొటీన్ తక్కువే సరిపోతుంది. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత వంద కిలోలు వేస్తే దాంతోపాటు సుమారు 5.6 కిలోల నత్రజని చెరువులోకి వెళ్తుంది. రొయ్య ఒంటికి పట్టేది మూడో వంతు దాకానే. మిగతాది నీటిలోకీ అడుగు బురదలోకీ చేరి అమ్మోనియా అవుతుంది. కుళ్లే మేత ఆక్సిజన్‌ను తినేస్తుంది. రాత్రి నాచు కూడా ఆక్సిజనే పీలుస్తుంది. అందుకే రొయ్య తేలే ఈ గండం తెల్లవారుజామునే వస్తుంది.

పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. మేత బస్తాలోని చేపపొడి కోసం సముద్రంలో కవళ్లు, నెత్తళ్లు పట్టి ఆరబెడుతున్నారు. పేదింటి కూర చేపలు అవి. వాటిని రొయ్యకు మేపి, ఆ మేతనూ బురదపాలు చేయడం అన్యాయం. సోయా పిండితో చేపపొడిని చాలావరకు తగ్గించవచ్చు. సోయాలో మెథియోనిన్ తక్కువ కాబట్టి దాన్ని విడిగా కలపాలి. రొయ్యకు కావలసింది సరైన అమైనో ఆమ్లాలు. బస్తా మీది ప్రొటీన్ అంకె ఒక్కటే చూస్తే చాలదు.

తెల్లారేసరికి గట్టు పక్కన చచ్చిన రొయ్యల్ని గంపల కొద్దీ ఏరారు. చెరువు మాత్రం దక్కింది. తర్వాత రెండు రోజులూ మేత సగానికి తగ్గించారు.

రైతు సోదరులారా, ప్రతి పూటా ట్రే చూశాకే తర్వాతి మేత తూకం వేయండి. అమావాస్యకీ పౌర్ణమికీ మేత తగ్గించండి.