గుత్తయా, కోరా? టెలివిజను వర్తకసభల చరిత్రము



మా సంజామల ప్రాంతమున పొలమును పరులకు సేద్యమున కిచ్చుటకు రెండు పద్ధతులు కలవు. గుత్త కిచ్చినచో పంట పండినను పండకున్నను ఒప్పుకొన్న సొమ్ము చెల్లింపవలెను. కోరు కిచ్చినచో పండినదానిని పంచుకొందురు. ఎండిన యేట ఇరువురును నష్టపడుదురు. ఈ భేదమును మనస్సునం దుంచుకొని, నేడు నేను చెప్పు చరిత్రమును ఆలకింప వేడెదను.

ధనవంతులు కొందరు వరుసగా కూర్చుందురు. వర్తకు డొకడు వచ్చి తన సరకును చూపి, “నా కింత సొమ్ము కావలెను, బదులుగా నా వ్యాపారమున నింత పాలిచ్చెదను” అని విన్నవించును. వారు ప్రశ్నించి, నచ్చినచో బేరమాడుదురు. దేశమంతయు దానిని టెలివిజనులో చూచును. ఇట్టి సభ 2001లో జపానున ధనవ్యాఘ్రములను నర్థముగల పేరుతో పుట్టెను. అదియే 2005లో ఇంగ్లండున ‘డ్రాగన్స్ డెన్’, 2009లో అమెరికాలో ‘షార్క్ ట్యాంక్’ ఆయెను. 2021 డిసెంబరులో ‘షార్క్ ట్యాంక్ ఇండియా’ మన దేశమున ఆరంభమయ్యెను. 2023లో ‘ఆహా’ సంస్థ స్త్రీ వర్తకులకై ‘నేను సూపర్ ఉమన్’ అను కార్యక్రమమును తెలుగున నడపెను. పులి యనినను సొరచేప యనినను, ఆ సభలలో ముఖ్యముగా జరుగునది కోరు బేరమే. వడ్డీ ఋణము నడుమ నడుమ మాత్రము కలియుచుండును.

పదింట నొక పాలునకు 50 లక్షల రూపాయలడిగినవాడు తన వ్యాపారమంతయు 5 కోట్లు చేయునని చెప్పినట్లే. కావుననే, “ఏటి అమ్మక మెంత? సరకునకు పడిన వెల యెంత? మిగులెంత?” అని వారు నిలదీయుదురు. లెక్క తడబడినవాని మాట యెంత తీయనైనను చెల్లదు.

పాలు పంచుకొని మూలధనము కూర్చుట మనకు క్రొత్త గాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించినపుడు, చెల్లింపబడిన మూలధనము లక్ష రూపాయలు; అది వాటాల మూలమున కూడినదే. ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో విలీనమగువరకు తొంబదియేండ్లకు పైగా నిలిచెను.

ఇది యెరిగియు నేనొక తప్పు చేసితిని. ఇరువదియేండ్ల క్రిందట నా శిష్యు డొకడు నూనె గానుగ పెట్టదలచెను. అతని బంధువొకడు పాలునకు సొమ్ము పెట్టుటకు సిద్ధపడెను. “పొత్తు కలహమునకు మూలము; అప్పు తీర్చినచో సొత్తంతయు నీదే” యని నేను బోధించితిని. అతడు పొలము తాకట్టుపెట్టి వడ్డీకి తెచ్చెను. రెండేండ్లు వరుసగా వేరుసెనగ యెండెను. గానుగ నిలిచెను, వడ్డీ నిలువలేదు. పొలము పోయెను. అతడు నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు నేటికిని బాధ.

గడచిన నెలలో అతని కుమార్తె మా యింటికి వచ్చెను. కొఱ్ఱలతో బిస్కట్లు చేసి అమ్మదలచినదట. “అయ్యవారూ, అప్పు తెత్తునా, పాలిత్తునా?” అని యడిగినది. ఈ మారు నేను తొందరపడలేదు. “అమ్మా, వడ్డీ తీర్చినచో తొలగును, ఇచ్చిన పాలు తొలగదు. మొదటనే సగమిచ్చినచో నీ యింట నీవే పాలేరువగుదువు. అయినను ఎండిన యేట నీతో నష్టమును మోయువాడు పాలివాడే. టెలివిజనులో చేయి కలిపినంతనే సొమ్ము రాదు. పిమ్మట లెక్కలు పరీక్షింతురు, కొన్ని బేరములు అచ్చటనే చెడును. కాదన్నంత మాత్రమున కథ ముగియదు. అమెరికా సభలో 2013లో జేమీ సిమినాఫ్ అను నాతడు ఇంటి తలుపుగంట నొకదానిని చూపి, బేరము కుదరక వెడలెను. 2018లో ఆ వ్యాపారమునే అమెజాన్ సంస్థ కొనెను. ముందుగా ఒక యేడు చిన్నగా అమ్మి లెక్క వ్రాయుము” అంటిని.

ఆమె చేతిసంచినుండి ఒక నోటుపుస్తకము తీసి నా ముందుంచెను. ఆరు నెలల లెక్క, పైసలతో సహా, అందు కలదు. తండ్రికి నేను నేర్పనిది ఆమె తానే నేర్చుకొన్నది.

పెద్దలారా, మీ పిల్లలు మూలధన మడిగినపుడు కోపింపకుడు, వెంటనే పొలము కాగితములును తీయకుడు. ముందు లెక్కపుస్తక మడుగుడు. సెలవు.