కారే పైపు, కపిల తొండం

మొన్న ఆదివారం పొద్దున్నే మల్లెచెట్టుకు నీళ్లు పెడుతుంటే నా కాళ్లు తడిశాయి గానీ చెట్టు తడవలేదు. ఏమిటా అని వెనక్కి తిరిగి చూస్తే, కొళాయి దగ్గర పైపు మడత పడే చోట వేలెడంత చీలిక. నీళ్లన్నీ అక్కడే చిమ్మి గోడ తడుస్తోంది. నంద్యాల ఎండల సంగతి తెలిసిందే కదా. ఈ రోజుల్లో మిద్దె మీది ట్యాంకు నిండడమే గొప్ప. ఆ నీళ్లు అట్లా గోడపాలు అవుతుంటే ప్రాణం ఉసూరుమంది.

"ఐదేళ్లయింది దానికి, కొత్తది తెచ్చుకుందాంలే" అన్నారు మా ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా. మా వాడు కరెంటు పనికి వాడే నల్ల టేపు తెచ్చి చుట్టాడు. రెండు నిమిషాలు ఆగింది. ఆ తర్వాత టేపు కిందనుంచే కారడం మొదలైంది. తడి మీద ఆ టేపు అంటుకోదు, అంటుకున్నా నీటి ఒత్తిడికి ఆగదు. ఇలాంటివి గట్టిపడే ముద్దతో పూడ్చేవాళ్లూ ఉన్నారు. ఇనుప గొట్టానికయితే సరే, వంగే పైపుకు అది పనికిరాదు. పైపు వంగుతుంది, ముద్ద వంగదు, పక్కనే మళ్లీ విడిపోతుంది.

చివరికి నేనే చేశాను. చీలిక ఉన్న జానెడు ముక్కను కత్తితో తిన్నగా కోసి తీసేశాను. ఆ ముక్క పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకు పోయి, దాని లోపలి కొలతకు సరిపోయే ప్లాస్టిక్ జాయింటు ఒకటి, స్క్రూ క్లిప్పులు రెండు తెచ్చుకున్నాను. పైపు అని అడిగితే చాలదు, లోపలి కొలత చూసి తీసుకోవాలి. ఇంటికొచ్చి పైపు కొసలు రెండూ కాసేపు వేడినీళ్లలో ముంచాను. మెత్తబడ్డాక జాయింటు సులువుగా దిగింది. పైన క్లిప్పులు బిగించాను. ఒక్క చుక్క కారితే ఒట్టు.

ఈ ఘనకార్యం ఫోన్లో మా నాయనకు చెప్పాను. ఆయన ఆళ్లగడ్డ దగ్గర మా పల్లెలోనే ఉంటారు. అంతా విని, "మడత కాడే గదమ్మా చినిగింది? తొండం గూడా ఆడనే చినిగేది" అన్నారు.

తొండం అంటే కపిల తొండం. ఈ తరం పిల్లలకు కపిల అంటే ఏమిటో తెలియదు. నేనూ కళ్లారా చూసింది లేదు, మా అవ్వ చెప్పగా విన్నదే. బావి ఒడ్డున పైన పెద్ద గిలక, కింద ఒడ్డు అంచున దొర్లే కొయ్య. గిలక మీదుగా లావుపాటి మోకు, మోకు చివర తోలుతో చేసిన పెద్ద బాన. ఆ బాన అడుగు నుంచి ఏనుగు తొండంలాగా ఒక తోలు గొట్టం. ఆ గొట్టం చివరకు ఇంకో సన్నతాడు. ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి నడిస్తే బాన పైకి వస్తుంది. వచ్చేటప్పుడు తొండం పైకి మడిచి, దాని మూతి బాన అంచుకు సమానంగా ఉంటుంది. అందుకే దారిలో నీళ్లు పోవు. బకెట్లో ముంచిన పైపు మూతిని నీటిమట్టం కంటే పైకి ఎత్తితే నీళ్లు ఆగిపోతాయి చూడండి, అదే సూత్రం. బాన ఒడ్డు దాటి పైకి పోగానే, సన్నతాడు తొండం మూతిని కింది కొయ్య మీదుగా బయటికి లాగుతుంది. మూతి బాన కంటే కిందికి రావడంతో నీళ్లన్నీ తొట్టిలోకి దూకి కాలువలో పడతాయి. ఎద్దులు తోలే మనిషి బావి దగ్గరికి వచ్చి బాన వంచాల్సిన పనే లేదు. కాగితం మీద గీత గీయకుండా, అక్షరం రాయకుండా ఇంత ఉపాయం పన్నినవాళ్లెవరో!

మాది కాలువ అందని చేను. మన వైపు కేసీ కాలువ వచ్చింది 1860లలో. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తవ్వించింది. అనుకున్నంత రాబడి రాక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వమే కొనేసింది. అంత కాలువ తవ్వినా దాని నీళ్లు ఎక్కని చేలకు బావే దిక్కు, బావికి కపిలే దిక్కు.

అవ్వ మాటల్లో కపిల కష్టమంతా తొండం దగ్గరే ఉండేది. బాన చినిగితే కనిపిస్తుంది. తొండం మడత దగ్గర కుట్టు వదిలితే, బాన పైకి వచ్చేంతసేపూ నీళ్లు మళ్లీ బావిలోకే కారిపోయేవి. ఎద్దులు నడిచిన నడక సగం నీళ్ల పాలు. "పైకొచ్చే తలికి బానలో సగమే ఉండేటివమ్మా, ఎద్దులకేం తెలుసు" అనేది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. యాన్ వాన్ డెర్ హైడెన్ అని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక చిత్రకారుడు ఉండేవాడు. 1670లలో ఆయన, ఆయన అన్నదమ్ముడు కలిసి మంటలు ఆర్పడానికి తోలు గొట్టాలు చేశారు. పొడుగు గొట్టాలను ఇత్తడి జాయింట్లతో కలిపేవాళ్లు. నేను షాపులో కొన్న జాయింటుకు ముత్తాత అన్నమాట. ఆ తోలు గొట్టాలకూ కుట్టు దగ్గరే కారుడు. 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో దారం కుట్లు మానేసి రాగి రివిట్లు కొట్టడం మొదలుపెట్టారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాక రబ్బరు గొట్టాలు వచ్చాయి. మన పెరట్లో ఉండే పీవీసీ పైపు సంగతికొస్తే, పెళుసుగా ఉండే ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా వంగేటట్టు చేసింది 1926లో వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రవేత్త.

మద్రాసు రాష్ట్రంలో కపిల తోలు గురించి తలబద్దలు కొట్టుకున్న దొర కూడా ఒకాయన ఉన్నాడు. పేరు ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పడానికి మద్రాసు వచ్చినవాడు. మనవాళ్లు తోలును తంగేడు చెక్కతో ఊనేవారు. చెప్పులకు అది బాగానే ఉంటుంది కానీ రోజంతా నీళ్లలో మునిగి తేలే బానకు అంతగా ఆగదు. చెక్కలోని సారం నీళ్లలోకి దిగిపోతుంది, తోలు కుళ్లుతుంది. ఛాటర్టన్ 1903 ప్రాంతంలో క్రోమియం ఉప్పులతో తోలు ఊనే పద్ధతిని మద్రాసులో మొదలుపెట్టాడు. ఆ క్రోమ్ తోలుతో మొదట చేయించిన వాటిలో బావి బానలు ముఖ్యమైనవి. ఆ తర్వాత మద్రాసు పక్కన వెలసిన క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే అక్కడి ఊరికి క్రోంపేట అని పేరు వచ్చింది. మీలో చెన్నైలో ఉన్నవాళ్లకు ఆ స్టేషను తెలిసే ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, బాన ఎక్కువ రోజులు మన్నాలని పాటుపడిన ఆ మనిషే అదే కాలంలో బావులకు ఆయిల్ ఇంజన్లు పెట్టించే పని కూడా తలకెత్తుకున్నాడు. ఇంజను వచ్చాక బానతో పనేముంది?

మా పల్లె దాకా క్రోమ్ తోలు వచ్చినట్టు లేదు. మా తొండం కుట్టింది మాదిగవాడలోని ఒక పెద్దాయన. ఊళ్లో చచ్చిన గొడ్డును వాళ్లే తీసుకుపోవాలి. ఆ తోలు సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊని, బాన, తొండం, చెప్పులు, కాడికి కట్టే తోలుతాళ్లు రైతుకు వాళ్లే చేసివ్వాలి. డబ్బు లెక్క ఉండదు. పంట కళ్లంలో మేర కింద ఇన్ని గింజలు కొలిచేవాళ్లు. కొలిచింది తక్కువయితే అడిగే నోరు వాళ్లకు ఉండేది కాదు.

ఎండాకాలంలో తొండం చినిగిందంటే ఆయనకు కబురు పోయేది. ఆయన వచ్చి బావి ఒడ్డున కూర్చుని, ఆరెతో పొడిచి, తోలుదారంతో కుట్టి, కుట్టు మీద ఆముదం పూసేవాడట. మడత దగ్గర రెండో పొర వేసేవాడట. ఇదంతా అవ్వ చాలా ముచ్చటగా చెప్పేది. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒక రాత్రి మిద్దె మీద పడుకుని వింటూ, "మరి ఆయన దప్పికయితే ఆ బావిలో నీళ్లే తాగేవాడా అవ్వా?" అని అడిగాను.

"తొండం కాడ మేమంతా దోసిలి పట్టి తాగేటోళ్లం. ఆయనకు మేం పోస్తే తాగేటోడు. దూరంగా కూచొని దోసిలి పడితే పైనుంచి పోసేదాన్ని" అంది.

ఆయన చేత్తో కుట్టిన తోలులోంచి వచ్చిన నీళ్లు మా అందరికీ పనికొచ్చాయి. ఆ నీళ్లను ఆయన తన చేత్తో ముట్టుకుంటే మాత్రం పనికిరావు. అవ్వ మాటలో గర్వమూ లేదు, సిగ్గూ లేదు. ఎండాకాలం తర్వాత వానాకాలం వస్తుందన్నట్టు చెప్పింది. అవ్వ కాపురానికి వచ్చింది 1952లో. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణంతో సహా రాజ్యాంగం అమలుకొచ్చి అప్పటికి రెండేళ్లు. ఆ మాట మా బావి దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

"ఆయన పేరేమి అవ్వా?" అని అడిగాను.

చాలాసేపు ఆలోచించింది. "పేరేమోనమ్మా, తొండం కుట్టేటాయన అనేటోళ్లం" అంది. కపిలకు కట్టిన ఎద్దుల పేర్లు మాత్రం గడగడా చెప్పింది. పుల్లడు, మైలడు. మైలడు ఏ ఏడు చచ్చిందో కూడా చెప్పింది.

ఆ రాత్రి నేను ఇంకేమీ అనలేదు. అనాల్సిందేమో, తెలియదు. అవ్వ నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. నా జడ వేసిన చేతులు, ఆ పెద్దాయన దోసిట్లో పైనుంచి నీళ్లు పోసిన చేతులు ఒకటే. ఇన్నేళ్లూ కపిల కథ మా పిల్లలకు చెప్పినప్పుడల్లా గిలకా, ఎద్దులూ, తొండమూ చెప్పి అక్కడితో ఆపేశాను. అంటే నేనూ అవ్వ చేసిన పనే చేశాను.

తర్వాత మా ఊరికి కరెంటు మోటారు వచ్చింది. కపిల బావి ఒడ్డున గిలక కొన్నాళ్లు తుప్పు పట్టి, ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. బోరు వేశాక బావినే పూడ్చేశారు. తొండం కుట్టే పనితోపాటు కళ్లంలో మేర కూడా ఆగిపోయింది. ఆ ఇంటివాళ్లు కూలిపనులకు పోయారని, కొందరు ఊరు వదిలారని నాయన చెప్పారు. మోటారు వచ్చినందుకు మా ఇంట్లో పాయసం వండారట. వాళ్లింట్లో ఆ రోజు ఏమనుకున్నారో మాకు తెలియదు, ఎవరూ అడగలేదు.

ఆదివారం ఫోన్లో నాయనను ఆ పేరు గురించే అడిగాను. "నేను సిన్నోణ్ణి గదమ్మా అప్పుడు" అన్నారు. "ఎవరినైనా అడిగి చెప్పు నాయనా" అన్నాను. ఇప్పుడెందుకమ్మా అంటారేమో అనుకున్నాను. అనలేదు.

బుధవారం ఫోను వచ్చింది. నాయన ఊళ్లో ఇద్దరు ముసలివాళ్లను అడిగారట. ఒకాయన ఒక పేరు చెప్పాడు. ఇంకొకాయన, కాదు, అది ఆయన తమ్ముడి పేరు, తొండం కుట్టింది వేరే అని ఇంకో పేరు చెప్పాడు. ఏది నిజమో తేల్చేవాళ్లు ఊళ్లో ఇప్పుడు లేరు. ఆ ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఆ పేర్లు ఇక్కడ రాయడం న్యాయం కాదు కాబట్టి రాయడం లేదు.

మా నాయన దగ్గర పొలం లెక్కల పుస్తకం ఒకటి ఉంది. బావి ఎప్పుడు తవ్వించింది, ఎన్ని మట్ల లోతు, మోటారు ఎంతకు కొన్నది, అన్నీ అందులో ఉన్నాయి. "బావి పేజీలో ఆ రెండు పేర్లూ రాయి నాయనా, పక్కన తొండం కుట్టినవాళ్లు అని రాయి" అన్నాను. "సరేలేమ్మా" అన్నారు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ పేజీ మా వాడికి చూపించి, కపిల కథ ఈసారి పూర్తిగా చెప్పాలి.

మీ ఊళ్లో కూడా కపిల బావి ఉండే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, ఎద్దుల పేర్లు అడిగిన తర్వాత తొండం ఎవరు కుట్టేవారో కూడా అడగండి. వాళ్లు పోయాక ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండరు.

పైపు ఇంతవరకు కారలేదు. మల్లెచెట్టు ఈ రోజు నాలుగు మొగ్గలు వేసింది.