పటం మీద దండయాత్ర: గుత్తి ముట్టడి సినారియో

చారిత్రక మినియేచర్ వార్‌గేమింగ్‌లో బొమ్మ సిపాయిలు బల్ల మీద తలపడేది ఒక పూట. ఆ పోరు ఎక్కడ జరగాలో, ఎవరి బలగం ఎంత మిగిలి ఉండాలో తేల్చేది పటం. ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824లో వెలువరించిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడ 1:8000 స్కేలు పటాల మీద, అంపైరు చేతుల మీదుగా నడిచేది. తర్వాతి కాలంలో అభిరుచి ఆటగాళ్లకు పటం క్యాంపెయిన్లను చేరువ చేసినవారిలో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్, టోనీ బాత్ ముఖ్యులు. ఈ అంశంపై బాత్ పుస్తకం 1973లో వచ్చింది.

అనంతపురం పీఠభూమికి ఇలాంటి పటం గీసేటప్పుడు బాటల కన్నా ముందు చెరువులను గుర్తించాలి. ఇక్కడ ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ సెప్టెంబరు, అక్టోబరు వానలదే పెద్ద వాటా. అందుకే ఆట ఏ నెలలో మొదలవుతుందన్నది సైన్యం సంఖ్యంత ముఖ్యం.

నీటి విలువకు తిరుగులేని ఉదాహరణ గుత్తి. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఈ కోటను బాగుచేయించి నివాసంగా చేసుకున్నాడు. మైదానం నుంచి దాదాపు 300 మీటర్లు లేచిన కొండ అది. అంచున మురారిరావు గద్దె అనే చిన్న మంటపం నేటికీ ఉంది. అక్కడ కూర్చుని ఆయన చదరంగం ఆడేవాడని ప్రతీతి. కోటలో 108 బావులుండేవని కూడా చెబుతారు. ఈ సంఖ్యను అక్షరాలా తీసుకోకపోవడమే మేలు.

బళ్లారిని వశం చేసుకుని మైసూరు పాలకుడు హైదర్ అలీ గుత్తి మీదికి వచ్చాడు. లొంగుబాటు 1775లో అని కొన్ని గ్రంథాలు, 1776లో అని మరికొన్ని రాశాయి. ముట్టడి 1775 చివర మొదలై మరుసటి ఏడాది ముగిసిందనుకుంటే రెండూ పొసగుతాయి. దిగువకోట పడిపోయాక ఎగువకోట నిలిచింది గానీ, నీళ్లు అడుగంటాయి. మురారిరావు సొమ్ము ఇస్తానని రాయబారం నడిపి, జామీనుగా ఒక యువకుణ్ని పంపాడు. పైన నీళ్లు లేవన్న సంగతి అతని నోటే బయటపడిందని, హైదర్ వెంటనే ఒప్పందం పక్కనపెట్టి ముట్టడి బిగించాడని చరిత్రకారుడు మార్క్ విల్క్స్ కథనం. జామీను ఉదంతాన్ని పక్కన పెట్టినా, కోటను లొంగదీసింది దాహమే అనడంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. మురారిరావు చివరకు కబ్బాళదుర్గం చెరలో మరణించాడు.

సినారియో కర్తకు ఇక్కడ దొరికే సరుకు ఫిరంగుల లెక్క కాదు, దాచిన సమాచారం. కోట నీటి నిల్వ అంపైరు పుస్తకంలోనే ఉండాలి. ప్రతి టర్నులో దళాలు, గుర్రాలు, ఆశ్రయం పొందిన జనం లెక్కన అది తరుగుతుంది. వాన పడితే కొంత పెరుగుతుంది. ముట్టడిదారుకు ఆ అంకె తెలియదు, వేగుల ద్వారా ఊహించాల్సిందే. సంధి ప్రతిపాదన వస్తే అది బలమో బలహీనతో అతనే తేల్చుకోవాలి. ఇద్దరి ముందూ అంకెలు పరిచేస్తే గుత్తి కథలోని అసలు ఉత్కంఠ పోతుంది.

ముట్టడిదారుకూ నీటి బెడద తప్పదు. ఎడ్లతో ఫిరంగులు లాగే దండు ఒకే చెరువు కట్ట కింద ఎక్కువ రోజులు దిగితే పశువుల మేత, నీరు రెండూ కరువవుతాయి. నల్లరేగడి నేలలున్న చోట వాన కురిసిన మర్నాడు ఫిరంగుల వేగం సగానికి తగ్గించడం సబబు. ఎర్రనేలల్లో అంత కోత అక్కర్లేదు. ధాన్యం మోసే బంజారా బిడారులను విడి పావులుగా పెడితే దాడులకు, పహరాకు పని దొరుకుతుంది.

అదే పటాన్ని ఉత్తరానికి పొడిగిస్తే 1786 నాటి ఆదోని ముట్టడి కూడా ఆడవచ్చు. అక్కడ సమస్య తలకిందులు. హైదర్ కొడుకు టిప్పు సుల్తాను ముట్టడించిన కోటకు నిజాం, మరాఠా బలగాలు సాయంగా వచ్చినా, తుంగభద్ర పొంగి దారి మూసుకుపోతుందన్న భయంతో కోటలోనివారిని వెంటబెట్టుకుని నది దాటి వెళ్లిపోయాయి. ఆదోని టిప్పు వశమైంది. ఈ సినారియోలో అంపైరు దాచాల్సిన అంకె బావిలో మిగిలిన నీరు కాదు, ఏరు పొంగే తేదీ.